దీనమ్మ గారి గోడ

మా వంటింట్లోకి వెళ్ళడానికి నాకు పాసుంది. ఫోటో అంటించి, దాని మీద సగం పడేలా గుండ్రటి ముద్ర కొట్టి, కింద ‘సంప్రదాయ నివాసి, కోడలు’ అని రాసిచ్చారు. మా ఆయన దయాకర్‌కీ ఒకటుంది. పొద్దున్నే కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళేటప్పుడు ఒకరి పాసు ఒకరం తనిఖీ చేసుకుంటాం. ‘ఫోటోలో ఉన్నది మీరేనా?’ అని అతను అడుగుతాడు. పోలికలు సరిచూసుకోమని నేను మొహం దగ్గరగా పెడతాను. కొత్తగా పెళ్ళైన వాళ్ళకి ఇంత సౌకర్యం కల్పించిన ప్రభుత్వ సంస్థ ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఊరి పేరు రాయను. రాయాలంటే సంస్థ అనుమతి కావాలి. కృష్ణా కాలువ పక్కన ఒక చిన్న పట్నం, దాని చివర గట్టు మీద మా పేట, పేటలో మొదటి ఇల్లు మాది అంటే చాలు.

ఆ ఇల్లు దయాకర్ వాళ్ళ తాతగారి అమ్మ దీనమ్మ గారిది. స్వాతంత్ర్యం రాకముందు, అంటరానితనం పోవాలని చెప్పడానికి పట్నంలోని పెద్దమనుషులు కొందరు ఆదివారాలు మా పేటకి వచ్చేవారట. మనుషులంతా ఒక్కటేనని గట్టిగా చెప్పి, దీనమ్మ గారి అరుగు మీద కూర్చుని, కొబ్బరి బొండాలు తాగి వెళ్ళిపోయేవారు. ఇంట్లో మంచినీళ్ళు మాత్రం ముట్టేవారు కాదు. కొన్నాళ్ళు చూసి ఆవిడ అడిగేసింది.

“బొండాం దేవుడు మూతేసి పంపిన సరుకు. అది మా ఇంటిదెట్టా అవుద్దయ్యా? లోపలికొచ్చి కూడు తినండి.”

పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తినడానికి అభ్యంతరం లేదన్నారు. ఇల్లు ఇరుకు, అందరూ ఒకే వరసలో కూర్చునే చోటు లేదు, ఉంటే తప్పకుండా తినేవాళ్ళమన్నారు. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి ముందు గదికీ వంటింటికీ మధ్య గోడ లేదు. దీనమ్మ గారు గునపం పెట్టి పడగొట్టి, మట్టి ఎత్తిపోసి, నేల అలికి, గుమ్మం నుంచి పొయ్యి దాకా చాపలు పరిచి ఉంచింది.

“చోటయింది. రండి,” అంది.

వచ్చారు, తిన్నారు. తిన్నాక ఎవరి విస్తరి వాళ్ళు ఎత్తబోతే ఆపింది. “ఎవరి ఎంగిలి వాళ్ళు తీసుకుంటే అది హోటలు. పక్కోళ్ళది తీస్తేనే పంక్తి.”

అప్పటినుంచీ మా ఇంట్లో అదే పద్ధతి. ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం పంక్తి వేస్తారు. ఎవరైనా రావచ్చు. వండినవాళ్ళు కూడా వరసలోనే కూర్చోవాలి. తిన్నాక కుడిపక్క మనిషి విస్తరి ఎత్తాలి. మర్చిపోయి తన విస్తరి తానే ఎత్తుకున్నవాళ్ళకి శిక్ష కూడా ఉంది. మళ్ళీ కూర్చుని మొదటినుంచి తినాలి. నేను కాపురానికొచ్చిన రోజున పనిమంతురాలిననిపించుకుందామని నా విస్తరి నేనే టపీమని ఎత్తాను. మళ్ళీ కూర్చోబెట్టారు. ఆ కంగారులో రెండోసారీ ఎత్తాను. నా కాపురం మూడు భోజనాలతో మొదలైంది.

ఇక మా నాన్న. పానకాలరావు గారు, పక్క ఊళ్ళో వడ్లమిల్లు. మా పెళ్ళికి రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చి సంతకం పెట్టాడు. కార్లో వచ్చినా, ఆ సంతకం దాకా ఆయన ఎంత దూరం నడిచొచ్చాడో నాకు తెలుసు. కానీ అక్కడే ఆగాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అరుగు మీదే కూర్చుంటాడు. మా అత్తగారు కరుణమ్మ గారు అంగన్‌వాడీ టీచరు, పిల్లల్ని బతిమాలి తినిపించడం ఆవిడకి రోజూ ఉన్నదే.

“అన్నయ్యగారూ, లోపలికి రండి. రెండు ముద్దలు తిని ఎల్దురు గాని.”

“వద్దు మేడం. డాక్టరు నన్ను బొండాం ఒక్కటే తాగమన్నాడు.”

ఆవిడ బొండాం కొట్టించి ఇస్తుంది. ఇచ్చి, లోపల దీనమ్మ గారి ఫోటో వైపు ఒకసారి చూస్తుంది.

నాకు మాత్రం అన్నం సయించేది కాదు. ఆలోచించాను. మా నాన్నకి ప్రభుత్వ ముద్ర ఉన్నదేదైనా ప్రాణం. తూనికల శాఖ వాళ్ళిచ్చిన సర్టిఫికెట్టుని దేవుడి పటాల వరసలో తగిలించి రోజూ అగరొత్తి చూపిస్తాడు. మా ఇంటికి కూడా ఒక ఇత్తడి ఫలకం వేయించామనుకోండి. అప్పుడాయన తిన్నది కూతురి అత్తారింట్లో కాదు, చారిత్రక కట్టడంలో. ఊళ్ళో తలెత్తుకుని చెప్పుకోవచ్చు. ఎం.ఏ. చరిత్ర చదివినందుకు నాకు ఇన్నాళ్ళకి ఒక ఉపయోగం కనిపించింది.

“మన ఇల్లేంటో మనకి తెలుసుగా, ఫలకం ఎందుకే?” అన్నాడు దయాకర్. అతను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు.

“నీ బల్బులు నువ్వు చూసుకో. చరిత్ర నాకొదిలెయ్,” అని చారిత్రక గృహ సంరక్షణ సంస్థకి దరఖాస్తు పెట్టేశాను.

సంస్థ ఉప సంచాలకులు విశ్వంభరరావు గారు స్వయంగా వచ్చారు. దీనమ్మ గారి కథంతా కళ్ళు మూసుకుని విన్నారు. చివర్లో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు కూడా. నాకు గుండె నిండిపోయింది.

“ఈ గృహం జాతి సంపద,” అన్నారు. “దీనిని మూల స్థితిలో భావితరాలకు అందించుట మా సంస్థ యొక్క పరమ కర్తవ్యం.” తర్వాత బూటు మడమతో నేల మీద కొట్టి చూశారు. “ఇచ్చట ఒక గోడ ఉండెడిది కదా?”

“అవునండీ. అదే దీనమ్మ గారు...”

“అనగా, మూల కట్టడంలో అంతర్భాగమైన గోడను అనుమతి లేకుండా తొలగించినారు.”

“అయ్యో, ఆ గోడ పడగొట్టినందుకే గదండీ ఈ ఇల్లు చరిత్రలోకి ఎక్కింది!”

“చరిత్ర వేరు, కట్టడం వేరు. మాది కట్టడాల సంస్థ అమ్మా.”

పది రోజుల తర్వాత దీనమ్మ గారి పేర నోటీసు వచ్చింది. సదరు గోడను ఏ అధికారంతో కూల్చినారో స్వయంగా హాజరై సంజాయిషీ ఇవ్వవలెనని. తెచ్చినతను, చేతికి ఇవ్వలేకపోతే అతికించి రమ్మన్నారని చెప్పి, ఆవిడ ఫోటో ఫ్రేముకి అతికించాడు. మా అత్తగారు చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

“మా పెద్దత్త ఇప్పుడు రాలేదు బాబూ. సమాధుల తోటలో ఉంది. మీ సారునే ఒకసారి అక్కడికి ఎల్లి మాట్టాడి రమ్మను.”

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. ఫలకం రాలేదు గానీ గుమ్మం పక్కన పెద్ద బోర్డు వచ్చింది. సందర్శకులు అరుగు దాటి లోనికి రాకూడదు. సందర్శకుల గ్లాసులు, నివాసుల గ్లాసులు వేరువేరుగా ఉంచవలెను. సందర్శకులకు ఇంట్లో వండిన పదార్థములు ఇవ్వరాదు, కర్మాగారంలో మూతవేసినవి గానీ కొబ్బరి బొండాం గానీ ఇవ్వవచ్చును. నివాసులు పాసులు చూపి వంటగది ప్రవేశం పొందవలెను.

మా అత్తగారు బోర్డు ముందు నిలబడి, అంగన్‌వాడీలో కథ చదివినట్టు నిదానంగా, పైకి చదివింది. చదివి పగలబడి నవ్వింది.

“ఇది రాసినాయన ఎవరో గానీ ప్రవల్లికా, అప్పట్లో మన అరుగు మీద బొండాలు తాగి పోయినోళ్ళకి మనవడై ఉంటాడు!”

నేను నవ్వలేకపోయాను. బోర్డు పక్కన ఒక కాపలా మనిషిని కూడా పెట్టారు. వీరాస్వామి, మా పేట వాడే, పుట్టినప్పటినుంచీ మా పంక్తిలో తిన్నవాడే. “తప్పదక్కా, డ్యూటీ,” అని సిగ్గుపడుతూ సొంత మేనత్తని కూడా అరుగు మీదే ఆపాడు. ఆవిడ కర్ర ఎత్తింది.

ఈ వార్తకి సంతోషించినవాడు ఒక్కడే, మా నాన్న. ఫోన్లో గొంతు ఇరవయ్యేళ్ళ కుర్రాడిలా ఉంది.

“గవర్నమెంటు రూలంట గదా అమ్మలూ! నాకు మీ ఇంట్లో తినాలనే ఉంది. ఈసారి పంక్తికి వచ్చి కూర్చుందామనే అనుకున్నా. ఏం చేస్తాం? రూలుని కాదంటామా?”

ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడ్చాను. దయాకర్ నా పక్కన కూర్చుని, ఓదార్చడం చేతగాక, తొక్క తీసిన బత్తాయి తొనలు ఒక్కొక్కటే అందించాడు. ఏడుస్తూనే అన్నీ తిన్నాను. చాలా తియ్యగా ఉన్నాయి.

ఆ వారంలోనే, మూల స్థితి కోసమని, గోడ కట్టడం మొదలైంది. నేను వంటింట్లో, దయాకర్ ముందు గదిలో, మధ్య మేస్త్రీ. వరస మీద వరస లేస్తుంటే, ఇటుకల మీదుగా చేతులు పట్టుకుని నిలబడ్డాం. మేస్త్రీ చాలాసేపు ఓపిక పట్టాడు.

“కొంచెం చెయ్యి తియ్యమ్మా. ఇటుక పెట్టాల.”

తీశాను. దయాకర్ ఆఖరి సందులోంచి మూరెడు మల్లెపూలు తోశాడు. తర్వాత గోడని వేలితో తట్టి చూసి, ఇసక రాలితే చేతులు దులుపుకుని, “ఇది నిలబడటం మా సబ్జెక్టులోకి రాదు. అద్భుతాల సంగతి చర్చి ఫాదరుని అడగాలి,” అన్నాడు. మేస్త్రీ కాంట్రాక్టరు వైపు చూశాడు. కాంట్రాక్టరు ఆకాశం వైపు చూశాడు.

నేను మర్నాడే సంస్థ కార్యాలయానికి వెళ్ళాను. చదువు చెడగొట్టింది కాబట్టి చదువే బాగుచెయ్యాలని నా పట్టుదల.

“సార్, దీనమ్మ గారు గోడ పడగొట్టడం కూడా వారసత్వమే గదా. కట్టడాన్ని కాపాడుతున్నారు. మరి ఆ పడగొట్టడాన్ని ఎవరు కాపాడతారు?”

విశ్వంభరరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలో నెమ్మదిగా వెలుగు వచ్చింది. అది చూసి నేనెంత పొంగిపోయానో చెప్పలేను. అప్పటికే ఒకసారి ఆ వెలుగు చూసినదాన్ని, జాగ్రత్తపడాల్సింది.

“ఘటనాత్మక వారసత్వం!” అన్నారు. “అద్భుతం. ప్రతి ఏటా పంక్తి దినమున సదరు గోడను ఉత్సవపూర్వకంగా కూల్చెదము. మర్నాడు యథావిధిగా నిర్మించెదము. కూల్చుటకు వేరు టెండరు, కట్టుటకు వేరు టెండరు. కూల్చువారు ఆ ఇంటి కోడలు, అనగా మీరు.”

“కూల్చాక అందరూ లోపలికి వచ్చి తినొచ్చాండీ?”

“కూల్చిన క్షణము నుండి సాయంత్రం ఐదు గంటల వరకు. అయితే ముఖ్య అతిథి గారు విచ్చేసిన పిమ్మటనే గునపం ఎత్తవలెను.”

గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. మా నాన్నకి ఫోన్ చేసి, ఆ రోజు గోడ పోతుంది, రూలు కూడా పోతుంది, నువ్వు రావాలి అన్నాను. అవతల మిల్లు ఆపమని ఎవరికో కేక వేశాడు.

“వస్తాలే అమ్మలూ,” అన్నాడు చివరికి. “కాకపోతే మూడింటికి మిల్లుకి లారీ వస్తది. ఆలోపు పని కావాలి మరి.”

పంక్తి రోజు వచ్చింది. పేట వాళ్ళకి ఒక్కరోజు పాసులిచ్చి గోడకి లోపలి వైపు కూర్చోబెట్టారు. పట్నం నుంచీ పక్క ఊళ్ళ నుంచీ వచ్చినవాళ్ళంతా సందర్శకులు కాబట్టి గోడకి అవతల, ముందు గదిలో. ఆ ఒక్క రోజుకి అరుగు దాటనిచ్చారు. రెండు వైపులకీ దారి వేరే. మేము పెరటి తలుపు గుండా రావాలి. నాకు రిబ్బను కట్టిన గునపం ఇచ్చి వంటింట్లో నిలబెట్టారు. దయాకర్ మాత్రం ఎవరికీ చెప్పకుండా చాపలన్నిటినీ ఈ గోడకి దూరంగా, పెరటి వైపుకి జరిపించాడు. ఎందుకని అడిగితే, “ఊరికే,” అన్నాడు.

ముఖ్య అతిథి రాలేదు. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. అవతల విశ్వంభరరావు గారు ఫోన్లో “విచ్చేయుచున్నారు, విచ్చేయుచున్నారు” అంటూనే ఉన్నారు. మా నాన్న గోడకి ఆనుకుని కుర్చీ వేసుకుని, చేతిలో బొండాంతో, మాటిమాటికీ గడియారం చూసుకోవడం ఇటుకల సందులోంచి కనిపిస్తోంది. రెండున్నర అయితే చాలు, లేచి వెళ్ళిపోతాడు. వచ్చాను గదా అంటాడు. మళ్ళీ ఏడాదికి చూద్దాంలే అంటాడు. ఆ తర్వాత ఏటా అంటూనే ఉంటాడు. గునపం రెండు చేతులా పట్టుకున్నాను.

“అత్తయ్యా, ఎత్తేస్తాను,” అన్నాను.

“ఆగు,” అంది ఆవిడ. “పిల్లకాయలు ఆకలికి ఏడుస్తున్నారు. మనం వడ్డిద్దాం. వాళ్ళ గోడ, వాళ్ళ ఇష్టం.” వెళ్ళి పులుసు గిన్నె మూత తీసింది.

కొరమేను పులుసు. ఆ వాసన గోడలకి లొంగేది కాదు. అవతల మాటలన్నీ ఆగిపోయాయి. కుర్చీ కిర్రుమంది. తర్వాత మా నాన్న గొంతు, మామూలుగా అడిగినట్టే, కానీ కొంచెం సన్నగా.

“అమ్మలూ, అది చింతపండు పులుసా?”

“మామిడికాయ వేశారు నాన్నా!”

“పుల్లటి మామిడికాయా?”

జవాబు సరిగా వినడానికి అనుకుంటాను, ఆయన కుర్చీతో సహా వెనక్కి వాలి, చెవి గోడకి ఆనించాడు.

గోడ కూలిందనడం అన్యాయం. అది, నిలబడీ నిలబడీ అలిసిపోయిన మనిషిలా, నెమ్మదిగా కూర్చుంది. దుమ్ము తగ్గాక చూస్తే మా నాన్న వంటింట్లో ఉన్నాడు. కుర్చీ లేదు. బొండాం చేతిలోనే ఉంది. పాసు లేదు.

“ఎవరు?” అని అరిచారు విశ్వంభరరావు గారు. “ముఖ్య అతిథి గారు రాకమునుపు గోడను కూల్చినదెవరు?”

“గాలికి పడింది సార్,” అన్నాడు కాంట్రాక్టరు వెనకనుంచి.

“మా సంస్థ గోడలు గాలికి కూలవు! ఎవరో ఒకరు కూల్చియుండవలెను!”

అందరూ మా నాన్న వైపు చూశారు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. ‘నాకేం సంబంధం లేదు, ఊరికే ఆనుకున్నాను’ అని ఆయన అనొచ్చు. అది నిజం కూడా. లేచి, పంచె దులుపుకుని, లారీ దగ్గరికి వెళ్ళిపోవచ్చు. ఆయన కూలిన ఇటుకల్ని చూశాడు. నా చేతిలో రిబ్బను గునపాన్ని చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. ఎక్కువసేపు చూశాడు.

“నేనే,” అన్నాడు. “నేనే పడగొట్టాను. రాసుకోండి. పానకాలరావు, రైసు మిల్లు.”

ఎందుకన్నాడో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. కెమెరా వల్ల అని దయాకర్ అంటాడు. మామిడికాయ వల్ల అని మా అత్తగారు. నేను మాత్రం ఏమీ అనను.

“గోడ పడగొట్టినాయన నిలబడకూడదు అన్నయ్యగారూ,” అంది మా అత్తగారు, చాప మీద ఇసక కొంగుతో దులిపి. “కూర్చోండి.”

కూర్చున్నాడు. ఎడమ పక్క దయాకర్, కుడి పక్క మా అత్తగారు. మొదటి ముద్ద కళ్ళు మూసుకుని మింగాడు, మందు మింగినట్టు. రెండోది కళ్ళు తెరిచి. ఆ తర్వాత ఆయన మళ్ళీ తల ఎత్తింది పులుసు రెండోసారి అడగడానికే. ముందు గదిలో వాళ్ళంతా ఇటుకలు దాటుకుంటూ వచ్చి వరసలో సర్దుకున్నారు. వీరాస్వామి మేనత్త అతన్ని కూడా లాక్కొచ్చి కూర్చోబెట్టింది. విశ్వంభరరావు గారు కూడా, ‘నమూనా పరిశీలన నిమిత్తం’ అని చెప్పి, చివర్న కూర్చున్నారు.

తిని లేచే వేళయింది. పద్ధతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. మా నాన్న తన విస్తరి మడవబోయాడు. అక్కడ విస్తరి లేదు. దయాకర్ అప్పటికే ఎత్తేశాడు. ఉత్త చేతులతో నిలబడి అటూ ఇటూ చూశాడు. అందరూ కుడిపక్కకి వంగుతున్నారు. ఆయన కుడిపక్క ఒకే ఒక విస్తరి ఉంది. మెతుకులు, మామిడి టెంక, చేప ముళ్ళు. మా అత్తగారు ఆయన వైపు చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది.

ఆయన వంగాడు. మోకాళ్ళ నొప్పి కదా, నెమ్మదిగా వంగాడు.

“ముళ్ళుంటాయి, చూసి పట్టుకోండి అన్నయ్యగారూ.”

“నాకు తెలుసులే చెల్లెమ్మా,” అన్నాడు.

ఆ ‘మేడం’ అన్న పిలుపు ఎక్కడికి పోయిందో, ఆ తర్వాత ఎవరికీ వినిపించలేదు. నేను అప్పుడు ఏం చేశానంటే, సంతోషం పట్టలేక, నా విస్తరి నేనే ఎత్తాను. చివర్న విశ్వంభరరావు గారు కూడా అదే పని చేశారు. ఇద్దర్నీ పక్కపక్కన మళ్ళీ కూర్చోబెట్టి మొదటినుంచి వడ్డించారు. ముఖ్య అతిథి అప్పుడు వచ్చారు.

మర్నాడు గోడ యథావిధిగా మొదలైంది. బోర్డు ఉంది, పాసులున్నాయి. ఫలకం కూడా వచ్చింది. గోడ కూల్చినవారు శ్రీ పానకాలరావు అని అందులో చెక్కారు. దీనమ్మ గారి పేరు చోటు చాలక వచ్చే ఏడాదికి వాయిదా వేశారు.

మొన్న ఆదివారం మా నాన్న వచ్చాడు. వీరాస్వామి రూలు ప్రకారం లేచి, అరుగు మీద కుర్చీ వేసి, బొండాం కొట్టి చేతికిచ్చాడు. మా నాన్న అది మళ్ళీ వీరాస్వామి చేతిలోనే పెట్టి, చెప్పులు విడిచాడు.

“నువ్వు తాగు బాబూ,” అన్నాడు లోపలికి వస్తూ. “డాక్టరు నన్ను బొండాలు మానెయ్యమన్నాడు.”